పేకముక్కల వీధిలో పుట్టిన గేమ్ బాయ్

అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా. దానికో బూడిదరంగు తెర. పైనుంచి ఒక్కొక్కటిగా జారిపడే ఇటుకలు... వాటిని సందుల్లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయం, పేర్పు పైదాకా వస్తే ఆట ఖతం!

తొంభైల్లో బడికెళ్లిన పిల్లలున్న ఇళ్లలో ఈ ‘బ్రిక్ గేమ్’ను ఎరగనివాళ్లు తక్కువ. ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్తే పిల్లలు అదే కొనమని మారాం చేసేవాళ్లు. కొన్నాక పిల్లల చేతిలోంచి అది పెద్దవాళ్ల చేతికి ఎప్పుడు వెళ్లిందో ఎవరికీ తెలిసేది కాదు. అన్నం చల్లారిపోతున్నా ‘ఇదిగో, ఈ ఒక్క ఆట’ అనేవాళ్లు.

చేతిలో పట్టుకుని ఆడే ఇలాంటి ఆటబొమ్మలన్నిటికీ పెద్దన్న ఒకడున్నాడు. పేరు గేమ్ బాయ్. ఊరు జపాన్‌లోని క్యోటో. వెయ్యేళ్లకు పైగా రాజధానిగా ఉన్న నగరం, గుళ్లకూ గోపురాలకూ పుట్టిల్లు. అక్కడ వీడియోగేమ్‌లకేం పని అనిపిస్తుంది. ఆ సంగతి తెలియాలంటే ఓ పాత వీధిలోకి నడవాలి.

బుద్ధుడి ఎదుటి వీధి

క్యోటో రైల్వేస్టేషన్ నుంచి ఈశాన్యంగా పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే సన్నటి వీధి ఒకటి వస్తుంది. పేరు షోమెన్ దోరి. షోమెన్ అంటే ఎదురుగా ఉన్నది అని. ఒకప్పుడు ఈ వీధి తూర్పు కొసన హోకోజీ ఆలయంలో పెద్ద బుద్ధవిగ్రహం ఉండేది. భూకంపాలూ మంటలూ దాన్ని పదేపదే పడగొట్టాయి, జనం మళ్లీ మళ్లీ నిలబెట్టారు. చివరిగా మిగిలిన చెక్క విగ్రహం 1973లో కాలిపోయింది. బుద్ధుడు లేడు, ఆయన ఎదుటి వీధి మాత్రం ఉంది.

ఒకపక్క కామో నది, ఇంకోపక్క పిల్లకాలువలాంటి తకాసే ఏరు. ఏటి ఒడ్డున చెర్రీ చెట్లు. ఆ రెండింటి మధ్యన కగియా చో అనే పేటలో మూడంతస్తుల భవనం కనిపిస్తుంది. 1930లో కట్టింది. గుమ్మం పక్కన ఆకుపచ్చగా మారిన పాత లోహపు పలక. దానిమీద యమవుచి నింటెండో అనే పేరు, ‘పేకముక్కలు, కరుటా’ అనే అక్షరాలు. కరుటా అన్నా ఒకరకం పేకముక్కలే. ప్రపంచంలోని పిల్లలందరికీ తెలిసిన నింటెండో కంపెనీ మొదట అమ్మింది ఇవే!

1889 సెప్టెంబరులో ఫుసజిరో యమవుచి అనే చేతిపనివాడు ఇక్కడే దుకాణం తెరిచాడు. హనఫుడా అనే పూలబొమ్మల పేకముక్కలు చేసి అమ్మేవాడు. నెలకో పువ్వు, పువ్వుకు నాలుగు ముక్కలు చొప్పున మొత్తం 48 ముక్కలు. జనవరికి దేవదారు, మార్చికి చెర్రీ... ఇలా ఒక కట్టలో ఏడాది మొత్తం ఇమిడిపోతుంది. ‘నింటెండో’ అన్నమాటకు ‘అదృష్టాన్ని దేవుడికి వదిలెయ్’ అని అర్థం చెబుతారు. పేకాటవాళ్లకు అంతకన్నా నప్పే పేరు ఇంకేముంటుంది!

దుకాణం తరాలు మారింది. 1949లో ఫుసజిరో మునిమనవడు హిరోషి యమవుచి పగ్గాలు అందుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. మాట కటువు, నిర్ణయం చురుకు. డిస్నీ బొమ్మలు ముద్రించిన పేకముక్కలు 1959లో తెచ్చి, జూదరుల చేతుల్లో ఉన్న ఆటను పిల్లలున్న ఇళ్లలోకి తీసుకెళ్లాడు. కానీ ఎంతకాలం పేకముక్కలు? ఒక్కో ఇంటికి ఒక్కో కట్ట చాలు. ఏదో ఒకటి కొత్తగా చెయ్యాలి. ఏం చెయ్యాలో మాత్రం ఆయనకూ తెలియదు.

మరమ్మతులవాడి చేతిబొమ్మ

సరిగ్గా ఆ సమయంలో, 1965లో, కంపెనీలో ఓ కుర్రాడు చేరాడు. పేరు గున్‌పే యొకోయి. క్యోటోలోనే 1941లో పుట్టాడు. అదే ఊళ్లోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. చదువు అంతంతమాత్రం. పెద్ద కంపెనీలేవీ పిలవలేదు. నింటెండో అయితే ఇంటికి దగ్గర. అందుకే చేరాడు. ఉద్యోగం కూడా గొప్పదేం కాదు... పేకముక్కలు తయారుచేసే యంత్రాలు పాడైతే బాగుచెయ్యడం.

యంత్రాలు రోజూ పాడవవు కదా. ఖాళీ సమయంలో యొకోయి కాలక్షేపానికి కంపెనీ పనిముట్లతోనే ఓ బొమ్మ చేసుకున్నాడు. దుకాణాలకుండే జాలీ గేటు సాగినట్టు, పిడి నొక్కితే ముందుకు సాగి దూరంగా ఉన్న వస్తువును పట్టుకునే చెయ్యి అది. ఓరోజు యమవుచి ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చినప్పుడు అది ఆయన కంటపడింది. గదికి రమ్మని కబురొచ్చింది. పనివేళల్లో ఆడుకుంటున్నందుకు చీవాట్లు తప్పవనుకుంటూ వెళ్లాడు యొకోయి. యమవుచి మాత్రం ‘దాన్ని అమ్మే వస్తువుగా మార్చు’ అన్నాడు.

అదే అల్ట్రా హ్యాండ్. 1966లో మార్కెట్లోకి వచ్చి పదిలక్షలకు పైగా అమ్ముడుపోయింది. మరమ్మతుల కుర్రాడు బొమ్మల ఇంజినీరు అయిపోయాడు. మూడేళ్ల తర్వాత చేసిన ‘లవ్ టెస్టర్’ మరీ చిత్రం. అబ్బాయీ అమ్మాయీ చేతులు పట్టుకుని, రెండో చేతుల్తో చెరో గుండు పట్టుకుంటే ముల్లు కదిలి ‘ప్రేమ ఎంత’ అనేది చెబుతుంది. లోపలున్నది ఒంట్లోంచి పారే సన్నటి కరెంటును కొలిచే మీటరు, అంతే. చేతులు పట్టుకోవడానికి కుర్రకారుకు ఓ వంక కావాలి, ఆ వంకనే యొకోయి డబ్బాలో పెట్టి అమ్మాడు.

బుల్లెట్ రైల్లో క్యాలిక్యులేటర్

డెబ్భైల చివరికొచ్చేసరికి నింటెండో అప్పుల్లో ఉంది. చమురు సంక్షోభం దెబ్బకు పెద్ద పెద్ద ఆటల ప్రాజెక్టులు కుదేలయ్యాయి. అలాంటి రోజుల్లో యొకోయి బుల్లెట్ రైల్లో వెళ్తుంటే ఓ ఉద్యోగి కనిపించాడు. చేతిలో క్యాలిక్యులేటర్. లెక్కలేం చెయ్యడంలేదు. ఏమీ తోచక మీటలు నొక్కుతూ కాలక్షేపం చేస్తున్నాడు.

‘పెద్దమనిషి నలుగురిలో బొమ్మతో ఆడాలంటే సిగ్గుపడతాడు. చేతుల్లో దాచుకుని ఆడేంత చిన్న ఆట ఉంటే?’ అనుకున్నాడు యొకోయి. ఆ ఆలోచన అక్కడే ఆగిపోయేదేమో. కానీ ఓరోజు యమవుచి కారు డ్రైవరుకు ఒంట్లో బాగాలేదు. విదేశీ కారు నడపడం వచ్చినవాడు కావడంతో యొకోయి స్టీరింగ్ పట్టాడు. ఆఫీసు ఇంజినీరునై ఉండి కారు నడిపి ఊరుకోవడం ఏంటనిపించిందో ఏమో, దారిలో తన ఆలోచన చెప్పాడు. యమవుచి ఊ కొట్టాడు. అంతకుమించి ఏమీ అనలేదు. అయితే ఆరోజు సమావేశంలో ఆయన పక్కన కూర్చున్నది షార్ప్ కంపెనీ అధిపతి. వారం తిరక్కుండానే షార్ప్ అధికారులు నింటెండో గుమ్మంలో ఉన్నారు!

షార్ప్‌కూ అవసరం ఉంది. క్యాలిక్యులేటర్ల పోటీలో ధరలు పాతాళానికి పడిపోయాయి. తెరలూ చిప్‌లూ చౌకగా, కుప్పలుతెప్పలుగా దొరుకుతున్నాయి. క్యాలిక్యులేటర్‌లో ‘8’ అంకెను ఏడు గీతలతో రాస్తారు. వాటిల్లో కొన్ని వెలిగితే 3, కొన్ని వెలిగితే 5. గీతల బదులు చిన్న చిన్న బొమ్మల్ని గాజుమీద ముందే అచ్చేసి, ఒకదాని తర్వాత ఒకటి కనిపించేలా చేస్తే? బొమ్మ కదిలినట్టే ఉంటుంది. ఎలాగూ లోపల గడియారం ఉంటుంది కాబట్టి టైమూ చూపిస్తుంది. అందుకే దానిపేరు ‘గేమ్ అండ్ వాచ్’.

మొదటిది ‘బాల్’. 1980 ఏప్రిల్ 28న వచ్చింది. బంతుల్ని ఎగరేసి పట్టుకునే బొమ్మమనిషి, చెరోపక్కా ఒక్కో మీట. ఆట అంతే. 1991 దాకా వచ్చిన ఈ రకం ఆటలన్నీ కలిపి 4 కోట్ల 34 లక్షలు అమ్ముడయ్యాయి. కంపెనీ అప్పులు తీరిపోయాయి.

వాటిల్లో 1982 నాటి ‘డాంకీ కాంగ్’ది ప్రత్యేకమైన చోటు. పుస్తకంలా మడిచే రెండు తెరల బొమ్మ అది. మడవాలంటే పైకి పొడుచుకొచ్చే పుల్లలాంటి మీట కుదరదు. అందుకని యొకోయి కూడిక గుర్తులాంటి బల్లపరుపు మీట తయారుచేశాడు. పైకీ కిందికీ పక్కలకీ బొటనవేలు ఒక్కటే చాలు. ఆ తర్వాత ఎవరు ఏ వీడియోగేమ్ చేసినా ఎడంచేతివైపు అలాంటి మీటే వచ్చి కూర్చుంది.

పాతదే మేలు!

అప్పటిదాకా డబ్బాకో ఆట. ఆట మారాలంటే ఇంకో డబ్బా కొనాలి. ఒకే డబ్బాలో ఆటల్ని మార్చుకోగలిగితే? నిజానికి అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1979లోనే మైక్రోవిజన్ పేరుతో అలాంటిది తెచ్చింది. తెరమీద అడ్డంగా పదహారు, నిలువుగా పదహారు చుక్కలే. రెండేళ్లలో మూలనపడింది.

నింటెండోలో ఆ పని మళ్లీ మొదలైంది. యొకోయి మనసులో ఉన్నది గేమ్ అండ్ వాచ్‌లాంటి చవక బొమ్మ. ఆయన శిష్యుడు సతోరు ఒకాడ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి కొత్త కొత్త ఆటలు ఆడుకునే యంత్రం కావాలని పట్టుబట్టాడు. వాదనలయ్యాక గురువు సరేనన్నాడు.

రంగుల తెర విషయంలో మాత్రం యొకోయి మెత్తబడలేదు. రంగుల తెర అప్పటికే సాధ్యమే. కానీ బ్యాటరీలు తాగేస్తుంది, ధర పెరుగుతుంది. నల్లబల్ల మీద రెండు సున్నాలు గీసి ‘మంచుమనిషి’ అంటే చూసేవాళ్లకు తెల్లటి మంచే కనబడుతుంది కదా, ఆట బాగుంటే రంగు మనసే వేసుకుంటుందని ఆయన వాదన. బాగా నలిగి, చవకై, అందరికీ తెలిసిపోయిన పరిజ్ఞానాన్ని తీసుకుని కొత్తదారిలో వాడటం... జీవితమంతా ఆయన నమ్మిన సూత్రం ఇదే. ‘వాడిపోయిన టెక్నాలజీతో పక్కదారి ఆలోచన’ అని దానికో పేరు కూడా పెట్టుకున్నాడు.

ఆ నమ్మకానికి పరీక్ష రాకపోలేదు. మొదట తయారైన తెర ఎదురుగా చూస్తే సరిగా కనబడలేదు. యమవుచి పెదవి విరిచాడు. తెరలకోసం అప్పటికే షార్ప్ పెద్ద ఎత్తున సిద్ధమైపోయింది. యొకోయికి అన్నం సయించలేదు. చివరికి మరో రకం తెర ఆదుకుంది.

1989 ఏప్రిల్ 21న గేమ్ బాయ్ విడుదలైంది. ధర 12,500 యెన్లు. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. పచ్చటి తెరమీద నాలుగే నాలుగు ఛాయలు. చీకట్లో కనబడదు, లోపల లైటు లేదు. అదే ఏడాది అటారీ కంపెనీ ‘లింక్స్’ను రంగుల తెరతో, వెనకనుంచి వెలుగుతో తెచ్చింది. మరుసటేడు సెగా ‘గేమ్ గియర్’ కూడా రంగులతోనే వచ్చింది. పక్కపక్కన పెడితే గేమ్ బాయ్ పేదింటి చుట్టంలా కనబడేది. కానీ వాటికి ఆరేసి బ్యాటరీలు కావాలి, నాలుగైదు గంటల్లో అయిపోతాయి. గేమ్ బాయ్ నాలుగింటితోనే పది గంటలు దాటి ఆడేది. బ్యాటరీలు కొనిచ్చే తల్లిదండ్రులు ఏది ఎంచుకుంటారో చెప్పాలా?

మాస్కో ఇటుకలు

గేమ్ బాయ్‌ను ఇల్లిల్లూ తిప్పిన ఆట జపాన్‌ది కాదు. మాస్కోలో సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ 1984లో రాసిన టెట్రిస్ అది. మన బ్రిక్ గేమ్‌కు మూలం అదే. హెంక్ రోజర్స్ అనే వ్యాపారి 1989లో మాస్కో వెళ్లి ప్రభుత్వ సంస్థతో బేరమాడి చేతియంత్రాల హక్కులు తెచ్చాడు. మారియోను పెడితే మగపిల్లలు కొంటారు, టెట్రిస్‌ను పెడితే అందరూ కొంటారని నింటెండో అమెరికా అధిపతికి అతను నచ్చజెప్పాడు. అమెరికాలో గేమ్ బాయ్ డబ్బాతోపాటే టెట్రిస్ వచ్చింది. తాతలూ ఆడారు, మనవలూ ఆడారు. 1993లో అలెక్సాందర్ సెరెబ్రోవ్ అనే వ్యోమగామి దాన్ని జేబులో వేసుకుని మిర్ అంతరిక్ష కేంద్రానికే పట్టుకెళ్లాడు.

మొరటుతనమే దాని బలం. గల్ఫ్ యుద్ధంలో బాంబుదాడికి మాడి, పైడొప్ప కరిగిపోయిన గేమ్ బాయ్ ఒకటి పనిచేస్తూనే ఉంది. దాన్ని న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఏళ్ల తరబడి, టెట్రిస్ నడుస్తూ ఉండగా ప్రదర్శించారు. ఇక రెండు గేమ్ బాయ్‌లను కలిపే తీగను చూసి, చిన్నప్పుడు పురుగులు పట్టే సరదా ఉన్న సతోషి తజిరికి, ఆ తీగలోంచి పురుగులు అటూఇటూ పాకుతున్నట్టు ఓ ఊహ వచ్చింది. ఆ ఊహే 1996లో పోకెమాన్ అయింది. రంగుల రకంతో కలిపి గేమ్ బాయ్‌లు మొత్తం 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

ఎర్ర తెర

అంత చేసిన మనిషి కథ సుఖాంతం కాలేదు. 1995లో యొకోయి ‘వర్చువల్ బాయ్’ తెచ్చాడు. కళ్లకు ఆనించుకుని చూస్తే లోతుగా కనిపించే ఆట. నలుపు మీద ఎరుపు తప్ప మరో రంగు లేదు. కాసేపు ఆడితే తలనొప్పి. ఏడాది తిరక్కుండానే కంపెనీ దాన్ని ఆపేసింది. పాతసామాను సూత్రం మొదటిసారి ఓడింది.

మరుసటేడు ఆగస్టులో, ముప్ఫై ఒక్క ఏళ్ల కొలువు తర్వాత యొకోయి నింటెండో వదిలేశాడు. ఓటమే కారణమని లోకం అనుకుంది. సొంతంగా ఏదైనా చెయ్యాలన్నది ఎప్పటినుంచో ఉన్న కోరికేనని ఆయన చెప్పుకున్నాడు. వెళ్లేముందు మాత్రం గేమ్ బాయ్‌ను చిక్కించి, తెరను తేటపరిచి ‘గేమ్ బాయ్ పాకెట్’ చేసి చేతిలో పెట్టి వెళ్లాడు. క్యోటోలోనే కోతో అనే చిన్న సంస్థ పెట్టాడు. బందాయ్ కంపెనీ కోసం కొత్త చేతియంత్రం పని మొదలైంది.

1997 అక్టోబరు 4. ఇషికావా ప్రాంతంలోని హొకురికు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆయన ప్రయాణిస్తున్న కారు ముందున్న వాహనాన్ని తాకింది. దెబ్బ ఏమేర తగిలిందో చూద్దామని కిందికి దిగాడు. వెనకనుంచి వచ్చిన మరో కారు ఢీకొట్టింది. వయసు 56. దాదాపు ఏడాదిన్నరకు, 1999 మార్చిలో, ఆయన మొదలుపెట్టిన వండర్‌స్వాన్ విడుదలైంది. ఒక్కటంటే ఒక్క బ్యాటరీతో నడిచేది. దానితోపాటు వచ్చిన ఓ ఆటకు పెట్టినపేరు ‘గున్‌పే’.

ఉజిలో పాత ఫ్యాక్టరీ

ఈ కథలో చివరి మజిలీ క్యోటోకు దక్షిణాన ఉన్న ఉజి. పచ్చటి మచ్చా టీకి పెట్టింది పేరు. అక్కడి బ్యోదోయిన్ ఆలయం బొమ్మ పది యెన్ల నాణెం మీద ఉంటుంది. రైలెక్కి ఒగురా స్టేషన్లో దిగితే ఐదు నిమిషాల నడక. ఇళ్ల మధ్య, 1969లో కట్టిన నింటెండో పాత ఫ్యాక్టరీ. ఒకప్పుడు పేకముక్కలు చేసి, ఆ తర్వాత పాడైన ఆటయంత్రాల్ని బాగుచేసిన చోటు. మరమ్మతులవాడితో మొదలైన కథకు మరమ్మతుల ఫ్యాక్టరీకన్నా మంచి గూడు ఏముంటుంది! 2024 అక్టోబరు 2న అది నింటెండో మ్యూజియంగా తెరుచుకుంది.

పై అంతస్తులో అద్దాల వెనక కంపెనీ చేసిన ప్రతి యంత్రమూ వరసగా ఉంటుంది. గేమ్ బాయ్‌ల దగ్గర నలభై దాటిన నాన్నలు ఆగిపోతారు. ‘ఇది నా దగ్గరుండేది’ అని వేలుపెట్టి చూపిస్తారు. ఫోనులో ఇంతకన్నా గొప్ప ఆటలున్న పిల్లలకు అది ఎందుకంత గొప్పో అర్థంకాదు. కింది అంతస్తులోకి వస్తే మాత్రం అర్థమవుతుంది. అక్కడ అల్ట్రా హ్యాండ్ ఉంది. పిడి నొక్కి సాగే చేత్తో దొర్లే బంతుల్ని పట్టుకోవాలి. లవ్ టెస్టర్ ఉంది, చేతులు పట్టుకుని ఆడాలి. గోడమీద గేమ్ అండ్ వాచ్ ఉంది, ఆడేవాళ్ల నీడే అందులో బొమ్మమనిషి. ఇంకో గదిలో హనఫుడా ముక్కల్ని చేత్తో తయారుచేయడం నేర్పిస్తారు.

అరవైల్లో ఏమీ తోచక చేసుకున్న ఓ సాగే చెయ్యి... దాంతో ఇప్పుడు అమ్మమ్మా మనవడూ పక్కపక్కన నిలబడి బంతులు పడుతున్నారు. తెర లేదు, బ్యాటరీ లేదు. నవ్వులు మాత్రం వినబడుతున్నాయి. పాతదానితోనే కొత్తది పుడుతుందని యొకోయి అన్నది నిజమో కాదో తేల్చుకోవడానికి అంతకుమించి సాక్ష్యం అక్కర్లేదు.

వెళ్లాలంటే...

* కన్సాయ్ విమానాశ్రయం నుంచి క్యోటోకు రైల్లో సుమారు గంటింబావు.
* షోమెన్ వీధిలోని పాత భవనం 2022 ఏప్రిల్‌లో ‘మరుఫుకురో’ పేరిట హోటల్‌గా మారింది. గదులు పద్దెనిమిదే. ప్రఖ్యాత వాస్తుశిల్పి తదావో అందో పర్యవేక్షణలో మార్పులు చేశారు. బస చేయకపోయినా వీధిలో నిలబడి పాత పలకను తీరిగ్గా చూడొచ్చు.
* క్యోటో స్టేషన్ నుంచి ఒగురాకు కింటెట్సు రైలు ఉంది. మ్యూజియానికి నేరుగా వెళ్తే టికెట్ దొరకదు. ముందుగా పేరు నమోదు చేసుకుంటే లాటరీ తీసి కేటాయిస్తారు. తెరిచినప్పుడు పెద్దలకు టికెట్ 3,300 యెన్లు.
* మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వెళ్తే తకాసే ఏటి ఒడ్డున చెర్రీ పూలు అదనం.